పాత ఫొటోల్లో మన పని, మన బతుకు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో పాత ఫొటోల సేకరణ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

  పద్మశాలి, దేవాంగ, పట్టుశాలి, తొగట, ఏ శాఖలో పుట్టినా మనందరి ఇళ్ళల్లో ఒకప్పుడు మగ్గం చప్పుడు ఉన్నది. ఆ చప్పుడు ఇప్పుడు చాలా ఇళ్ళల్లో లేదు. మిగిలినవి కొన్ని ఫొటోలు. వాటి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం మమ్మల్ని అడిగింది.

మేము చరిత్ర ప్రొఫెసర్లం కాము, ఫొటోగ్రాఫర్లమూ కాము. సెలవు రోజుల్లో ఇంటింటికీ తిరిగి, అటక మీది ఇనుప పెట్టెలు దింపించి, అందులోని ఫొటోలను చూసి, పెద్దవాళ్ళు చెప్పింది రాసుకుంటున్నవాళ్ళం. ఈ పనిలో తెలుసుకున్నది మీ ముందు పెడతాం. ఆఖర్న మీ నుంచి ఒక సాయం అడుగుతాం.

బయటివాళ్ళు తీసిన ఫొటోలు

ఫొటో తీసే పద్ధతి 1839లో పారిస్‌లో లోకానికి తెలిసింది. తర్వాత కొద్ది సంవత్సరాలకే మన దేశానికి వచ్చింది. అయితే మొదటి యాభై అరవై ఏళ్ళు కెమెరా మన చేతిలో లేదు. ఉన్నది దొరల చేతిలో, రాజుల ఆస్థానాల్లో, పట్నం స్టూడియోల్లో. అందుకని మన పనిని చూపించే అతి పాత బొమ్మలు మనం తీసుకున్నవి కావు.

ఫొటోల కంటే ముందు ఒక్క సంగతి చెప్పాలి. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి మన దేశపు నేతబట్టల నమూనాలను కత్తిరించి 18 సంపుటాలుగా కట్టించాడు. మొత్తం 700 నమూనాలు. చీరలు, ధోవతులు, తలపాగాలు, ముస్లిన్లు, అన్నీ ముక్కలుగా కోసి కాగితానికి అంటించి, పొడవెంత, వెడల్పెంత, బరువెంత అని పక్కన రాశారు. ఇటువంటి 20 సెట్లు తయారు చేసి, 13 బ్రిటన్‌లో ఉంచి 7 మాత్రం మన దేశానికి ఇచ్చారు. ఎందుకు చేశారో ఆయనే దాచకుండా చెప్పాడు. ఇక్కడివాళ్ళు ఏం కట్టుకుంటారో తెలిస్తే అక్కడి మిల్లులవాళ్ళు అటువంటిదే నేసి ఇక్కడ అమ్ముకోవచ్చు. బట్ట నేసినవాడి పేరు ఆ 700 ముక్కల్లో ఒక్కదాని పక్కనా లేదు. కొలతలున్నాయి, మనిషి లేడు.

తర్వాత 1868 నుంచి 1875 దాకా ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే పేరుతో 8 సంపుటాలు వచ్చాయి. వాటినిండా దేశంలోని రకరకాల జనాల ఫొటోలు. 1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి గారి సాయంతో దక్షిణాది కులాల గురించి 7 సంపుటాలు వేశాడు. అందులో సాలెల గురించి, దేవాంగుల గురించి కూడా ఉన్నది. థర్‌స్టన్‌కు మనుషుల తల కొలతలు, ముక్కు కొలతలు తీసుకునే అలవాటు. ఆ కాలపు ఇటువంటి ఫొటోల కింద మామూలుగా కులం పేరు ఉంటుంది, వృత్తి పేరు ఉంటుంది. మనిషి పేరు మాత్రం ఉండదు.

1876–78 పెద్ద కరువులో మద్రాసు రాజధానిలో హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫొటోలు కొందరు చూసే ఉంటారు. ఎముకలు లెక్కపెట్టొచ్చు. వాళ్ళు ఎవరి బిడ్డలో, ఏ ఊరివాళ్ళో, అందులో సాలెవాళ్ళు ఎందరో చెప్పడానికి ఇవాళ ఎవరూ లేరు.

ఈ పుస్తకాలను తిట్టి పక్కన పెట్టాలని మేము చెప్పడం లేదు. వాటిల్లో మన మగ్గాలున్నాయి, మన కట్టుబొట్టు ఉన్నది. చూడాలి, దాచుకోవాలి. కానీ వాళ్ళు చేసిన పనే మనం మన ఇంట్లో చేస్తున్నామా అని కూడా ఆలోచించాలి. మన అటక మీది ఫొటోల వెనక మనం మాత్రం పేర్లు రాశామా? చాలా ఇళ్ళల్లో రాయలేదు. ఇంకో ముప్ఫై ఏళ్ళు పోతే మన తాత కూడా ‘మగ్గం దగ్గర కూర్చున్న ఒక మనిషి’ అవుతాడు. అప్పుడు దొరలను అనడానికి మనకు నోరుండదు.

ఫొటోను ఎట్లా చదవాలి

పాత నేత ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది వీధి. తెల్లవారుజామున సాలెవాడలో పడుగు చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతున్న దృశ్యం. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కర్రల మీద ఎత్తిన పడుగు, పోగులు కలవకుండా మధ్య మధ్య దూర్చిన సన్నటి కర్రలు, రెండు పక్కలా నిలబడ్డ మనుషులు. చింతచెట్టో వేపచెట్టో నీడకు ఉంటుంది. ఎండ ముదరక ముందే పని అయిపోవాలి, లేకపోతే గంజి పెళుసెక్కి పోగు తెగుతుంది. వాన మబ్బు పడితే పడుగు ఎత్తేయాలి. అందుకే ఒక ఇంటి పడుగుకు నాలుగిళ్ళవాళ్ళు చెయ్యి వేసేవారు. ఇవాళ నా పడుగుకు నువ్వు, రేపు నీ పడుగుకు నేను. ఆ ఫొటోలో పది మంది కనిపిస్తే అది ఒక కుటుంబం అనుకోకండి, అది ఒక వాడ.

మరి మగ్గం మీద నేస్తున్న ఫొటోలు ఎందుకు తక్కువ? కారణం చాలా సాదా. గుంట మగ్గం ఇంటి లోపల ఉంటుంది. పోగుకు చల్లదనం, తేమ కావాలి, అందుకని కిటికీలు తక్కువ. ఆ చీకట్లో పాత కెమెరాకు బొమ్మ పడదు. పైగా నాడె కదులుతూ ఉంటుంది, చేతులు కదులుతూ ఉంటాయి. ఆ రోజుల ప్లేటు మీద కదిలేదంతా మసక. అందుకని ఫొటో తీసేవాడు ‘కదలకు’ అనేవాడు. కొన్ని ఫొటోల్లో మగ్గం ఆరుబయట ఉంటుంది, నేసేవాడు నాడె చేతిలో పట్టుకుని బిగుసుకుని కెమెరా వైపు చూస్తుంటాడు. అది పని చేస్తున్న ఫొటో కాదు, పని చేస్తున్నట్టు కూర్చోబెట్టి తీసిన ఫొటో. అయినా పనిముట్లు అబద్ధం చెప్పవు. వాటిని చూడాలి.

ఉదాహరణకు నాడె. మగ్గానికి పైన తాడు, చేతి పిడి వేలాడుతుంటే అది తాడు లాగితే పరుగెత్తే నాడె, అంటే ఫ్లై షటిల్. దాన్ని జాన్ కే అనే అతను 1733లో ఇంగ్లండ్‌లో కనిపెట్టాడు గానీ, మన పల్లెల్లో విరివిగా వచ్చింది 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లోనే. తాడు లేకుండా నాడెను ఈ చేత్తో విసిరి ఆ చేత్తో పట్టుకునే మగ్గం కనిపిస్తే ఆ ఫొటో అంతకంటే పాతది కావచ్చు, లేకపోతే కొత్త నాడె ఇంకా చేరని ఊరిది కావచ్చు. ఇట్లాగే గోడ మీద కరెంటు బల్బు ఉందా, మూలన సైకిలుందా, చేతికి హెచ్‌ఎంటీ గడియారం ఉందా చూడాలి. హెచ్‌ఎంటీ గడియారాలు వచ్చింది 1961లో. తాత చేతికి ఆ గడియారం ఉంటే ఆ ఫొటో అంతకు ముందుది కాదు. తారీఖు రాయని ఫొటోకు వయసు కట్టేది ఇట్లాగే.

ఇంకో సంగతి. ఫొటో చదవడం పని తెలిసినవాళ్ళకే చేతనవుతుంది. 1946లో మార్గరెట్ బూర్క్-వైట్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ గాంధీజీని రాట్నం దగ్గర ఫొటో తీయడానికి వచ్చింది. నీకు వడకడం వచ్చా అని ముందు అడిగారు. రాదంటే, నేర్చుకున్నాకనే తీయమన్నారు. ఆమె రాట్నం ముందు కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ షరతు మాకు బాగా నచ్చింది. ఫొటోలు తీసేవాళ్ళకే కాదు, వాటి కింద వివరం రాసేవాళ్ళకూ అదే షరతు ఉండాలి.

సోలాపూర్ తూర్పు భాగంలో ఒక ఇంట్లో పడుగు దువ్వుతున్న ఫొటో ఒకటి దొరికింది. దాన్ని ఒక పెద్దాయనకు చూపించాం. మేము మనుషుల పేర్లు చెబుతాడని కాగితం కలం పట్టుకుని కూర్చున్నాం. ఆయన మాత్రం అద్దాలు సర్దుకుని చాలాసేపు పడుగునే చూశాడు. ‘గంజి చిక్కగైంది బిడ్డా. పోగులు ఒకదానికొకటి అంటుకున్నయి చూడు. ఇది మగ్గమెక్కితే తెగుతనే ఉంటది’ అన్నాడు. ఫొటో తీసి అరవై ఏళ్ళు దాటి ఉంటుంది. ఆ పడుగు ఎప్పుడో చీరయి, చిరిగి, మసిగుడ్డ కూడా అయి ఉంటుంది. ఆయన మాత్రం దానికి ఇంకా మరమ్మతు చెబుతున్నాడు. ఇటువంటి మాట ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆయనలాంటివాళ్ళు మన వాడల్లో ఇంకా కొద్దిమందే ఉన్నారు.

ఫొటోలో లేనివాళ్ళు

ఫొటోలో ఉన్నవాళ్ళ గురించి చెప్పుకున్నాం. లేనివాళ్ళ గురించి కూడా చెప్పుకోవాలి. మగ్గం ముందు కూర్చున్నది ఎక్కువగా మగవాడు. ‘నేత పనివాడు’ అని కింద రాస్తారు. మరి ఆ నాడెలో కండె ఎవరు చుట్టారు? చిలపలు విప్పి రాట్నం తిప్పింది ఎవరు? ఆసు పోసింది ఎవరు? తెల్లవారుజామున లేచి గంజి కాచింది ఎవరు? అమ్మ, అవ్వ, అత్త, ఇంటి ఆడపిల్లలు. నేత అనేది ఒక్క మనిషి పని కాదు, ఇంటి పని. ఫొటోలో మాత్రం ఇల్లంతా పోయి ఒక్కడే మిగులుతాడు.

2019–20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణనలో నేతలో, దాని అనుబంధ పనుల్లో ఉన్నవాళ్ళు 35 లక్షలకు పైగా అని తేలింది. వారిలో నూటికి 72 మంది ఆడవాళ్ళు. ఈ లెక్క చూశాక మన పాత ఫొటోలను మళ్ళీ చూడండి. నూటికి 72 మంది ఉండాల్సినచోట ఎంతమంది కనిపిస్తున్నారు?

పోచంపల్లి వైపు చిటికి చీరలకు ఆసు పోయడం ఎంత కష్టమో ఆ ప్రాంతంవాళ్ళకు తెలుసు. ఒక్కో చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. సాయంత్రానికి భుజం లేవదు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారు. ఆమె పేరే దానికి పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం ఫొటోలు పత్రికల్లో చాలా వచ్చాయి. కానీ ఆ యంత్రం రాకముందు, తరతరాలుగా ఆసు పోసిన తల్లుల ఫొటోలు మీ ఇళ్ళల్లో ఎన్ని ఉన్నాయి? మాకు దొరికినవి బహు తక్కువ. ఫొటో తీసేవాడు వస్తే ఆడవాళ్ళు తలుపు చాటుకు పోయేవారు, లేదా పని ఆపి మంచి చీర కట్టుకుని వచ్చి నిలబడేవారు. పని చేస్తున్న ఆడమనిషిని తీయడానికి ఎవరికీ తోచలేదు.

సోలాపూర్‌లో మన ఇళ్ళ ఆడవాళ్ళు తరాలుగా బీడీలు చుట్టారు. సాంచాలు ఆగిన రోజుల్లో ఆ బీడీల డబ్బే పొయ్యి వెలిగించింది. పిల్లల బడి ఫీజు కూడా అందులోంచే. ఒళ్ళో చేట, చేటలో తునికాకు, పక్కన కత్తెర, చుట్టూ నలుగురు ఆడవాళ్ళు, నడుమ ముచ్చట్లు. ఈ దృశ్యం మనందరి కళ్ళల్లో ఉన్నది, ఆల్బమ్‌లో లేదు. ఎక్కడైనా ఒక్కటి ఉంటే అది బంగారంతో సమానం, దయచేసి మాకు చూపించండి.

వలస వచ్చినవాళ్ళ ఫొటోలు

1860లో సోలాపూర్‌కు రైలు వచ్చింది. 1877లో అక్కడ మొదటి నూలు మిల్లు లేచింది. నిజాం ఇలాకాలోని పల్లెల నుంచి, కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి, మన తాతముత్తాతలు కొందరు కరువుకు, కొందరు అప్పులకు, కొందరు పని ఉన్నదని విని మూట కట్టుకుని వచ్చారు. వచ్చేటప్పుడు ఫొటోలు తెచ్చుకోలేదు. తెచ్చుకోవడానికి వాళ్ళ దగ్గర ఫొటోలే లేవు. కాబట్టి మనలో చాలామందికి ఊరి ఫొటో లేదు. మనకు దొరికే మొదటి ఫొటో వలస వచ్చాక తీసిందే.

అందులో ఒక రకం మిల్లు పాసు ఫొటో. గోరంత ఫొటో, దాని మీద ముద్ర, పక్కన నంబరు. ఆ మనిషికి జీవితంలో తీసిన ఫొటో అదొక్కటే కావచ్చు. ఒక మిల్లు మూతపడ్డాక పాత పాసులు, హాజరు పుస్తకాలు రద్దీకి పోయాయని అందులో పనిచేసిన పెద్దలు మాతో చెప్పారు. ఎన్ని ముఖాలు కిలోల లెక్కన పోయాయో! 1982 జనవరిలో ముంబై మిల్లుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు బయట నిలబడ్డారు. మనవాళ్ళు కొందరు భివండీ సాంచాలకు పోయారు, కొందరు తిరిగి సొంతూళ్ళకు పోయారు. ఇల్లు మారినప్పుడల్లా కొన్ని ఫొటోలు పోయాయి. మిగిలినవి ఇవాళ మూడు రాష్ట్రాల్లోని మూడు ఇళ్ళల్లో ఉండి ఉంటాయి.

రెండో రకం స్టూడియో ఫొటో. వెనక పరదా మీద రంగులతో వేసిన మేడ, తోట. ముందు ఒక కుర్చీ, పూలకుండీ. పెద్దాయన కుర్చీలో, పెద్దమ్మ పక్కన నిలబడి, పిల్ల కంటినిండా కాటుక. మేడ స్టూడియోది, కుర్చీ స్టూడియోది. అయితే ఒంటి మీది బట్టను బాగా చూడండి. చాలాసార్లు అది ఆ ఇంట్లోనే నేసిన బట్ట. ఫొటోలో సొంతదంటూ ఉన్నది అదే. పెద్దమ్మ తొమ్మిది గజాల చీర కాసె పోసి కట్టిందా, మన వైపు కట్టు కట్టిందా చూస్తే ఈ గడ్డ మీదికి వచ్చి ఎన్నేళ్ళయిందో కొంత తెలుస్తుంది. తల్లి తెలుగు కట్టు, కూతురు మరాఠీ కట్టు కట్టుకుని ఒకే ఫొటోలో నిలబడ్డవి కూడా చూశాం.

మూడో రకం గోడ మీది పటం. మనిషి పోయాక దండ వేయడానికి ఫొటో లేదని తెలుస్తుంది. అప్పుడు ఏదో పెళ్ళిలో తీసిన గ్రూప్ ఫొటో వెతికి, అందులోంచి ఆ ముఖం వరకు తీసి పెద్దది చేయిస్తారు. చాలా పటాల్లో ఒక మూల ఎవరిదో భుజం కనిపిస్తుంది, ఎవరిదో చెయ్యి కనిపిస్తుంది. ఆ భుజం ఎవరిదని మేము అడుగుతాం. అడిగితే అసలు గ్రూప్ ఫొటో బయటికి వస్తుంది, దాంతో ఇరవై మంది బయటికి వస్తారు. ఒకచోట ఒకే మనిషిని చూపించి రెండు కుటుంబాలవాళ్ళు ‘మా తాత’ అన్నారు. మేము తగువు తీర్చలేదు. ఇద్దరు చెప్పిందీ, చెప్పినవాళ్ళ పేర్లతో రాసుకున్నాం. మనవళ్ళు ఇంతమంది కావాలనుకునే తాత అదృష్టవంతుడే గదా.

పండుగల ఫొటోలు కూడా ముఖ్యం. శ్రావణ పౌర్ణమికి జంధ్యాలు మార్చుకోవడం, సోలాపూర్‌లో మార్కండేయ మహర్షి రథం, వాడలో బతుకమ్మ. వీటిల్లో వీధులు కనిపిస్తాయి, ఇళ్ళ ముందరి అరుగులు కనిపిస్తాయి. ఇవాళ అక్కడ నాలుగంతస్తులు లేచాయి. అరుగు ఎక్కడుండేదో చెప్పాలన్నా ఆ ఫొటోనే సాక్ష్యం.

సిగ్గుపడే ఫొటోలు

ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉండే సంగతి. కొన్ని ఇళ్ళల్లో ఫొటో చూపించి మళ్ళీ పెట్టెలో పెట్టేశారు. ఎందుకంటే తాతకు ఒంటి మీద గోచీ తప్ప లేదు. ఎందుకంటే ఏడేళ్ళ పిల్ల కండెలు చుడుతున్నది. ఎందుకంటే ఇంటి ముందు బాకీ వసూలుకు వచ్చిన మనిషి నిలబడి ఉన్నాడు. ‘ఇప్పుడు మా పిల్లలు ఇంజనీర్లయ్యారు, ఇది సంచికలో వేస్తే ఏం మర్యాద?’ అన్నారు. ఆ మాటలో ఉన్న బాధ మాకు అర్థమవుతుంది. ఎవరి ఇంటి ఫొటో మీద హక్కు వారిదే. ఒప్పుకోకుండా ఒక్క ఫొటో కూడా మేము ఎక్కడా పెట్టలేదు, పెట్టబోము.

అయినా ఒక్కమాట మనవి చేస్తాం. ఊరికంతా బట్ట నేసినవాడి ఒంటి మీద బట్ట లేకపోవడం ఆయన తప్పా? అది ఎవరు సిగ్గుపడాల్సిన విషయం? పట్టుబట్టల పెళ్ళి ఫొటోలు మాత్రమే దాచి, గోచీ ఫొటో చించేస్తే, మన మనవళ్ళకు మనం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడిచామో తెలియదు. సంచికలో వేయకపోతే మానండి. చించకండి. పేరు రాసి దాచండి. ఎప్పుడు చూపాలో మీ పిల్లలు నిర్ణయించుకుంటారు.

చిన్నపిల్లల పని ఫొటోల గురించి మాలోనూ చర్చ జరిగింది. వాటిని ‘ఎంత ముద్దుగా చేస్తున్నారో’ అని పెట్టకూడదని అనుకున్నాం. ఆ పిల్ల బడికి పోలేదు అన్నది కూడా పక్కనే రాయాలి. తెలిస్తే ఆ పిల్ల తర్వాత ఏమయిందో కూడా రాయాలి. పాత రోజులు మంచివని చెప్పడానికి ఈ సేకరణ కాదు. పాత రోజులు ఎట్లా ఉండేవో చెప్పడానికి.

ఇంట్లో చేయాల్సిన పనులు

ఇక చేతిపని. ఇవి ఖర్చు లేనివి, ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు.

ఒకటి. ఫొటోను అంచులు పట్టుకుని తీయండి, బొమ్మ మీద వేలు పెట్టకండి. చిరిగితే సెల్లో టేపు వేయకండి, కొన్నేళ్ళకు అది పసుపు మరక అవుతుంది. లామినేషన్ అసలే వద్దు, మళ్ళీ విడదీయలేం. పటం అద్దానికి ఫొటో అంటుకుని ఉంటే పీకకండి, అద్దంతోనే కాపీ తీయించండి.

రెండు. వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, మెల్లగా, అంచు దగ్గర రాయండి. బాల్‌పెన్ను గీతలు ముందుకు పొడుచుకు వస్తాయి. ముందువైపు ఎప్పుడూ రాయకండి.

మూడు. ప్లాస్టిక్ కవర్లకు బదులు కాగితం కవర్లలో పెట్టండి. వానాకాలం తడి గోడకు ఆనించి ఉంచకండి. నెగటివ్‌లు దొరికితే పారేయకండి, ఫొటో కంటే అవే విలువైనవి.

నాలుగు. స్కాన్ చేయిస్తే 600 డీపీఐ తగ్గకుండా చేయించండి. వెనకవైపు కూడా స్కాన్ చేయించండి, స్టూడియో ముద్ర, ఊరు, తారీఖు అక్కడే దొరుకుతాయి. ఫోన్‌తో తీస్తే పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో వివరం తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఐదు. ప్రతి ఫొటోకు ఐదు సంగతులు రాయండి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తున్నారు, ఇది చెప్పినవారెవరు. తారీఖు ఖాయంగా తెలియకపోతే ‘సుమారు’ అని రాయండి. ఎడమ నుంచి కుడికి వరుసగా పేర్లు రాయండి. ఆడవాళ్ళ పేర్లు కూడా పూర్తిగా రాయండి. ‘భార్య’, ‘కోడలు’ అని వదిలేయకండి.

ఆరు. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు ఫొటో పెట్టి, ఫోన్‌లో మాట రికార్డు చేయండి. తొందరపెట్టకండి. ‘ఇది ఏ సంవత్సరం?’ అంటే తడబడతారు. ‘అప్పుడు ఏం నేసేవారు? నూలు ఎవరిచ్చేవారు? చీరకు ఎంతిచ్చేవారు?’ అని అడిగితే వాళ్ళంతట వాళ్ళే చెప్పుకుంటూ పోతారు.

ఇది జరగని పని కాదు. పాండిచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బ్రిటిష్ లైబ్రరీ సాయంతో తమిళనాడు పాత స్టూడియోల ఫొటోలను వెతికి డిజిటల్ చేశారు. తమిళనాడు నుంచి, యానాం నుంచి వచ్చిన బంధువులు ఆ సేకరణను చూసే ప్రయత్నం చేయండి. మన కుటుంబాల ముఖాలు అందులో ఉన్నా ఆశ్చర్యం లేదు.

మాట పోతే ఫొటో మూగదవుతుంది

మన పిల్లలు ఇవాళ మరాఠీ బాగా చదువుతారు, కన్నడం, తమిళం, ఒడియా బాగా చదువుతారు. మంచిదే, ఈ గడ్డ మనకు అన్నం పెట్టింది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ పనిముట్ల పేర్లు తెలియవు. అచ్చు, పన్నె, ఆసు, చిలప, కండె, నాడె, పడుగు, పేక. ఇవి మాట్లాడే ఇళ్ళల్లో కూడా ‘ఆ కర్ర’, ‘ఆ చక్రం’ అయిపోయాయి. కొన్ని ఇళ్ళల్లో తానా, బానా అంటున్నారు. అదీ మన బతుకులో భాగమే, దాన్ని కూడా రాయాలి. తాత పడుగు అన్నాడు, నాయన తానా అన్నాడు, కొడుకు వార్ప్ అంటున్నాడు అని మూడూ పక్కపక్కన రాస్తే మూడు తరాల ప్రయాణం ఆ ఒక్క వరుసలో ఉంటుంది.

అందుకని మా బృందం ప్రతి ఫొటోకు వివరం తెలుగులోనూ, ఆ రాష్ట్ర భాషలోనూ రాయాలని అనుకున్నది. తెలుగు చదవలేని మనవడు కూడా తాత పేరు చదవగలగాలి. తెలుగు రాయగలిగిన పెద్దలు, స్థానిక భాష రాయగలిగిన పిల్లలు జంటగా కూర్చుంటేనే ఇది అవుతుంది.

ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం. 1905లో అదే రోజున మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి ఇది జరుగుతున్నది. ఆ రోజున దండలు, ఉపన్యాసాలు ఎట్లాగూ ఉంటాయి. వచ్చే ఆగస్టు 7 నాటికి ఇక్కడున్న ప్రతి కుటుంబం ఒక్కటంటే ఒక్క ఫొటోను, ఐదు సంగతులతో రాసి సమాఖ్యకు అందించాలని కోరుతున్నాం. అసలు ఫొటో మీ ఇంట్లోనే ఉంటుంది. కాపీ మాత్రమే మాకు కావాలి. ఎక్కడ వేయవచ్చో, ఎక్కడ వేయకూడదో మీరే రాసి ఇవ్వండి.

ఈ హాలు బయట ఎడమవైపు బల్ల మీద మేము ఇప్పటిదాకా సేకరించిన వాటిలో పేర్లు తెలియని ఫొటోల కాపీలు పరిచాం. భోజనానికి వెళ్ళే ముందు ఒక్కసారి చూడండి. మీ వెంట వచ్చిన పెద్దవాళ్ళను చెయ్యి పట్టుకుని తీసుకురండి. ఎవరినైనా గుర్తుపడితే పక్కనున్న పెన్సిల్‌తో ఆ కాగితం మీద పేరు రాయండి. ఊరు తెలిస్తే ఊరు, పని తెలిస్తే పని.